కొండ మీద రాయి, రాయి మీద పేరు

విశాఖపట్నంలో బీచ్ రోడ్డు పట్టుకుని భీమిలి వైపు పోతే సముద్రాన్ని ఆనుకుని మూడు కొండలు తగులుతాయి. మొదట కైలాసగిరి. తర్వాత రుషికొండ. ఇంకా ముందుకు పోతే మంగమారిపేట దగ్గర తొట్లకొండ. మూడింటి మీదా ప్రభుత్వ సొమ్ము ఖర్చయింది. ఒక కొండ మీద దేవుణ్ణి కూర్చోబెట్టి పార్కు కట్టారు. ఒక కొండను పాలకులు తమ అవసరానికి తవ్వుకున్నారు. మూడో కొండ మీద ప్రాచీన బౌద్ధ ఆరామం ఉంటే దాన్ని పిక్నిక్ స్పాట్ చేశారు. భీమిలి బస్సు ఎక్కినవాళ్ళందరూ ఈ మూడింటినీ చూస్తూనే ఉంటారు. కానీ మూడింటినీ కలిపి చదివినవాళ్ళు తక్కువ. ఈ వ్యాసంలో మేము చేయదలచింది ఆ చదువే.

పార్కును చదవడం ఏమిటని అడగొచ్చు. విమర్శ అంటే కథల మీదా కవితల మీదా రాసేదేనని మనకు యూనివర్సిటీలు నేర్పాయి. కానీ దళితులకు పుస్తకాలు చేతికి రాకముందే ఊరు ఒక పుస్తకంగా ఉంది. ఏ వీధిలో చెప్పులు విప్పాలో, ఏ బావి దగ్గర దూరంగా నిలబడాలో, ఏ అరుగు మీద కూర్చోకూడదో మన పెద్దలు అక్షరం రాకుండానే చదువుకున్నారు. స్థలాన్ని చదవడం మనకు కొత్త విద్య కాదు. కొత్తగా చేయాల్సిందల్లా ఆ విద్యతో నగరాన్ని చదవడం. నగరంలో వాడలూ అగ్రహారాలూ లేవనీ, పార్కు గేటు దగ్గర కులం అడగరనీ అంటారు. నిజమే, అడగరు. అడగని చోట కులం ఎక్కడ దాక్కుని ఉంటుందన్నదే మా ప్రశ్న.

ముందుగా, గేటు దగ్గర కులం అడగకపోవడం మామూలు విషయం కాదు. దాని వెనక పోరాటం ఉంది. ప్రభుత్వ సొమ్ముతో కట్టిన చెరువులూ బావులూ అంటరానివారికి కూడా తెరవాలని 1923లో బొంబాయి శాసనమండలిలో ఎస్.కె. బోలే తీర్మానం పెట్టి గెలిపించాడు. మహాడ్ మునిసిపాలిటీ తన చవదార్ చెరువు అందరిదీ అని ప్రకటించింది. కాగితం మీద చెరువు తెరుచుకుంది గానీ దళితుడి దోసిట్లోకి నీళ్ళు రాలేదు. 1927 మార్చి 20న అంబేద్కర్ వేలాదిమందితో నడిచి వెళ్ళి ఆ నీళ్ళు తాగాడు. తాగినందుకు దెబ్బలు తిన్నారు. మైలపడిందని చెరువును శుద్ధి చేశారు. ఆ చెరువు మీద హక్కు కోర్టులో ఖాయం కావడానికి 1937 దాకా పట్టింది. రాజ్యాంగంలోని 15వ అధికరణం రెండో క్లాజు ఈ నెత్తురులోంచే వచ్చింది. బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లతో పాటు ప్రభుత్వ నిధులతో నడిచే ప్రజా విహార స్థలాల్లోకి కూడా కులం పేరుతో ఎవరినీ అడ్డుకోకూడదని అది చెప్పింది. పార్కు ఆ చివరి మాట కిందకొస్తుంది. అందుకే పార్కు మీద దళిత పత్రికలో రాయడం దారి తప్పడం కాదు.

ఇలా వచ్చిన హక్కును మేము కాళ్ళ హక్కు అంటాం. లోపలికి పోయే హక్కు, నడిచే హక్కు, కూర్చునే హక్కు. దీన్ని తక్కువ చేసి మాట్లాడే ఉద్దేశం మాకు లేదు. ఒంటి గది ఇళ్ళల్లో బతికేవాళ్ళకి పార్కే వరండా. పోటీ పరీక్షలకి చదివే పిల్లలకి చెట్టు కిందే రీడింగ్ రూము. ముఖ్యంగా కులం దాటి ప్రేమించుకున్న జంటకి ఊళ్ళో చోటు ఉండదు, ఇంట్లో చోటు ఉండదు. కొండ మీద ఒక బండ చాటున గంటసేపు చోటు దొరుకుతుంది. కులాంతర వివాహమే కులానికి అసలు మందని 'కుల నిర్మూలన'లో అంబేద్కర్ 1936లోనే చెప్పాడు. ఫిబ్రవరి 14 వచ్చిందంటే సంస్కృతి పేరు చెప్పి పార్కుల మీద పడే మూకలకి ఈ సంగతి బాగా తెలుసు. మన అభ్యుదయవాదులకే అంతగా తెలిసినట్టు లేదు.

అయితే కాళ్ళ హక్కుతో ప్రజాస్థలం పూర్తిగా ప్రజలది అయిపోతుందా? రెండో హక్కు ఒకటుంది. అది పేరు హక్కు. ఈ స్థలానికి ఏం పేరు పెట్టారు? ఎవరి కథ చెబుతున్నారు? రాయి మీద ఎవరి పేరు చెక్కారు? ఈ హక్కు ఇప్పటికీ ఎక్కడుండేదో అక్కడే ఉంది.

కైలాసగిరినే చూడండి. కొండ పైన శివపార్వతుల తెల్లటి పెద్ద విగ్రహం. రోప్‌వే, చుట్టూ తిరిగే బొమ్మరైలు, సముద్రం కనిపించే వ్యూ పాయింట్లు. కట్టింది గుడి కమిటీ కాదు. 1978లో ఏర్పడి 2018లో వి.ఎం.ఆర్.డి.ఏ.గా మారిన వుడా, అంటే పట్టణాభివృద్ధి సంస్థ. భక్తుడు భక్తుడిగా కొండెక్కితే మాకేమీ అభ్యంతరం లేదు. కానీ అన్ని మతాలవాళ్ళ పన్నుల డబ్బుతో కట్టిన పార్కుకి కైలాసం అని పేరు పెట్టడం, ఎవరికీ అందులో తప్పు కనపడకపోవడం, ఇదీ మాకు ముఖ్యం. ఆధిపత్య సంస్కృతి లక్షణమే అది. తన పేరును పేరుగా కనపడనివ్వదు, ప్రకృతి అంత సహజంగా కనపడేటట్టు చేస్తుంది. కొండ కైలాసమే అయినట్టు, ఎప్పుడూ కైలాసమే అయినట్టు మనకి అలవాటు చేస్తుంది.

అదే కొండ మీద ఒక వ్యూ పాయింటుకి టైటానిక్ అని పేరు. 1912లో మునిగిన ఓడ అది. అందులో చనిపోయిన ప్రయాణికుల్లో ఎక్కువమంది మూడో తరగతివాళ్ళు. ఆ ఓడ పేరు కూడా సినిమా పుణ్యమా అని విశాఖ కొండెక్కింది. దేవలోకం పేరుకి చోటుంది, పరదేశం పేరుకి చోటుంది. ఈ కొండ కింద బతికినవాళ్ళ పేరుకి, ఈ మెట్లు పరిచినవాళ్ళ పేరుకి చోటు లేదు.

ఏ పార్కుకైనా వెళ్ళండి. గేటు పక్కన నల్లరాతి పలక ఉంటుంది. శంకుస్థాపన ఫలానా మంత్రి, ప్రారంభోత్సవం ఫలానా ముఖ్యమంత్రి, అధ్యక్షత ఫలానా ఛైర్మను, గౌరవ అతిథులుగా ఒక పదిమంది. గునపం పట్టినవాడి పేరు ఉండదు. నగరంలో ఒక పార్కులో పొద్దున్నే ఆకులు ఊడుస్తున్న ఒక పెద్దావిడని మేము ఈ పలక చూపించి అడిగాం, ఇందులో మీ పేర్లు ఎందుకు లేవమ్మా అని. ఆమె చీపురు ఆపకుండానే, "మా పేర్లెందుకు బావూ, మస్తరులో ఉంటే సాలు. అదీ ఒక్కో నెల తప్పిపోతాది" అంది.

మేము ఎన్ని పుస్తకాలు తిరగేసినా దొరకని మాట అది. దళితుల పేరు ఈ దేశంలో రాతపూర్వకంగా ఎక్కడ దొరుకుతుంది? మస్తరులో, అప్పు కాగితంలో, పోలీసు రికార్డులో, రేషను కార్డులో. మా తాతల పేర్లు వెతుక్కుంటే మాకూ రేషను కార్డు దగ్గరే దారి ఆగిపోయింది. పేరు అవసరమైంది పని లెక్క కోసం, నేరం లెక్క కోసం. జ్ఞాపకం కోసం పేరు రాసే రాయి వేరే వాళ్ళది.

ఆ పెద్దావిడ రెల్లి. ఉత్తరాంధ్ర బయట చాలామంది దళిత ఉద్యమకారులకి కూడా ఈ కులం పేరు సరిగ్గా తెలియదు. ఒడియాకు దగ్గరగా ఉండే సొంత భాష, గంపలతో పళ్ళమ్మిన స్త్రీలు, పాకీపనిలోకీ వీధులూడ్చే పనిలోకీ నెట్టబడిన తరాలు. విశాఖ మునిసిపాలిటీ శుభ్రంగా ఉందంటే అందులో రెల్లి చేతుల వాటా చాలా పెద్దది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి నగరంలో చెట్లన్నీ కూలిపోయినప్పుడు మిగతా మునిసిపాలిటీల నుంచి కూడా పారిశుధ్య కార్మికులను రప్పించి రోడ్లు తెరిపించారు. 2017లో స్వచ్ఛ సర్వేక్షణ్‌లో విశాఖకి దేశంలో మూడో ర్యాంకు వచ్చింది. ర్యాంకు నగరానికి వచ్చింది, నాయకులకి వచ్చింది, అధికారులకి వచ్చింది. ఊడ్చినవాళ్ళకి ఏమొచ్చింది? వాళ్ళు కొండ మీదికి రోజూ ఎక్కుతారు. కానీ ఎక్కేది విహారానికి కాదు.

ఇక్కడ ప్రకృతి ప్రేమికులతో కూడా ఒక మాట. నగరాన్ని ఆనుకుని కంబాలకొండ ఉంది. ఒకప్పుడు విజయనగరం రాజుల ఏలుబడిలోని అడవి. తర్వాత దాన్ని వన్యప్రాణి అభయారణ్యం చేశారు. దాదాపు 70 చదరపు కిలోమీటర్ల అడవి, చిరుతలూ కణుజులూ ఉన్న అడవి, ఇంత పెద్ద రేవు పట్నం పక్కన మిగలడం మంచిదే. అది మిగలాలనే మేమూ అంటాం. పొగా, బొగ్గు ధూళీ మింగే వాడల్లో ఎక్కువ ఉన్నది మావాళ్ళే గనుక అడవి అవసరం మాకే ఎక్కువ. కానీ అడవిలో బాట ఎవరు వేశారని ఆలోచించాలి. కట్టెలు మోసిన ఆడవాళ్ళు, మేకలు తోలినవాళ్ళు, చీపురు పుల్లలకీ పళ్ళకీ తిరిగినవాళ్ళు నడిచి నడిచి పడ్డ దారులు ఏ కొండ మీదైనా ఉంటాయి. అభయారణ్యం వచ్చాక కట్టెల మోపుతో నడిస్తే అది నేరం. టికెట్టు కొని బూట్లు వేసుకుని నడిస్తే అది ట్రెక్కింగ్. డాక్టరు చెప్తే నడిచేవాళ్ళు వేరు, కడుపు చెప్తే నడిచేవాళ్ళు వేరు. అడవిని కాపాడే పనిలో ఈ రెండో రకం నడకకి కూడా జ్ఞానం ఉందని ఒప్పుకోని పర్యావరణవాదం అగ్రవర్ణ పర్యావరణవాదంగానే మిగులుతుంది.

రెండో కొండకి వద్దాం. రుషికొండ మీద పర్యాటక శాఖ రిసార్టు ఒకటి ఉండేది. మధ్యతరగతివాళ్ళు వెళ్ళి అద్దెకి దిగేవాళ్ళు. 2021లో దాన్ని తీసేసి, కొండను తవ్వి, వందల కోట్లతో కొత్త భవనాలు లేపారు. కోర్టుల్లో కేసులు నడిచాయి. లోపల ఏం కడుతున్నారో జనానికి తెలియనివ్వలేదు. 2024 జూన్‌లో ప్రభుత్వం మారాక గానీ గదులూ స్నానపు తొట్లూ టీవీల్లో కనపడలేదు. ఇందులో రెండు పార్టీల కొట్లాట సంగతి పత్రికలు రాసుకున్నాయి. మేము చూసింది వేరు. చర్చ అంతా ఎవరు ఎంత ఖర్చుపెట్టారన్న దాని చుట్టూనే తిరిగింది. ఆ కొండ ఎవరిది అన్న ప్రశ్న ఎవరూ గట్టిగా అడగలేదు. ప్రజల విహార స్థలం ఏలికల చేతిలోకి పోతే అది అవినీతి మాత్రమే కాదు, 15వ అధికరణం ఇచ్చిన స్థలం కాళ్ళ కింది నుంచి జారిపోవడం.

ఇక మూడో కొండ. తొట్లకొండ. రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్ల ఆ పేరు. నౌకాదళం విమానాలతో సర్వే చేస్తుండగా ఇక్కడ కట్టడాలున్నాయని బయటపడింది. 1988 నుంచి 1993 దాకా రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వకాలు జరిపింది. మహాస్తూపం, చిన్న స్తూపాలు, చైత్యాలు, భిక్షువుల గదుల వరసలు, వంటశాల, బ్రాహ్మీ శాసనాలు, శాతవాహనుల సీసపు నాణేలు, రోమను వెండి నాణేలు బయటపడ్డాయి. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దం నుంచి క్రీస్తు తర్వాత మూడో శతాబ్దం దాకా ఇక్కడ బౌద్ధం వర్ధిల్లిందంటారు. దగ్గర్లోనే బావికొండ, భీమిలి దగ్గర పావురాలకొండ. అంటే ఈ తీరం కొండలన్నీ ఒకనాడు వర్ణవ్యవస్థను ప్రశ్నించిన ధర్మానికి ఇళ్ళు.

ఈ స్తూపాల దగ్గర పేరు ఎలా ఉండేదో చూడండి. ఆంధ్రదేశంలో స్తూపాలను రాజులు ఒక్కరే కట్టలేదు. వర్తకులు, గృహస్థులు, భిక్షుణులు, చేతిపనివాళ్ళు తలా ఒక పలక, తలా ఒక స్తంభం దానమిచ్చి తమ పేరు చెక్కించుకున్నారు. అమరావతి శాసనాల్లో ఒకటి విధికుడనే చమ్మకారుడిది. చమ్మకారుడంటే తోలుపని చేసేవాడు. ఉపాధ్యాయుడైన నాగుని కొడుకునని చెప్పుకుని, తల్లి, భార్య, అన్నదమ్ములు, పిల్లలతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలకను దానమిచ్చానని రాయించాడు. తోలుపనివాడి తండ్రి ఉపాధ్యాయుడు. తోలుపనివాడి పేరు స్తూపం రాతి మీద. దాదాపు రెండువేల ఏళ్ళ కిందటి సంగతి ఇది. ఇప్పుడు మన పార్కు గేటు పక్కనున్న నల్లరాయిని ఇంకోసారి చదవండి.

మేము ఇక్కడ తొందరపడదలచుకోలేదు. ఆనాటి చమ్మకారుడే ఈనాటి మాదిగ అని ఒక గీత గీసేయడం చరిత్ర కాదు. అంటరానితనం ఎప్పుడు ఎలా బిగుసుకుందన్నది ఇంకా తవ్వాల్సిన విషయం. బౌద్ధాన్ని బంగారు యుగం చేసి చూపించడం కూడా మా పని కాదు. తొట్లకొండ మీద ఆ తొట్లు తొలిచిందెవరు? వంటశాలకి కట్టెలు మోసిందెవరు? వాళ్ళ పేర్లు అక్కడా లేవు. దానమివ్వగలిగినవాడి పేరే రాయి మీదికెక్కింది. అయినా ఒక తేడా మిగిలింది. తోలుపనివాడు తన వృత్తిని దాచుకోకుండా, తన తండ్రి చదువును చెప్పుకుంటూ, పవిత్ర స్థలంలో పేరు రాయించుకోగలిగిన కాలం ఈ నేల మీద ఉండింది. అది కల కాదు, శాసనం.

అలాంటి స్థలాన్ని మన ప్రభుత్వాలు ఎలా చూస్తున్నాయి? పర్యాటక పటంలో తొట్లకొండ అంటే సముద్రం బాగా కనపడే చోటు. 2019 అక్టోబరు వానలకి మహాస్తూపం ఒక పక్క కూలింది. తర్వాత బాగుచేశారు. అంతకు ముందు కొన్నేళ్ళ కిందట కొండ దగ్గర భూమిని సినిమావాళ్ళ క్లబ్బుకి ఇవ్వాలన్న ఆలోచన మీద బౌద్ధ సంఘాలు, దళిత సంఘాలు, చరిత్ర ప్రేమికులు పోరాడాల్సి వచ్చింది. పేరు తెలియని రాయి రాయిగానే మిగులుతుంది, దాని పక్కన ఏదైనా కట్టొచ్చనిపిస్తుంది. అనకాపల్లి దగ్గర శంకరంలోని బొజ్జన్నకొండ మీద కనుమ పండుగనాడు జనం రాళ్ళు విసిరే ఆచారం చాలాకాలం నడిచింది. అక్కడున్నది రాక్షసుడని నమ్మించారు. తర్వాత ప్రచారం చేసి దాన్ని మాన్పించారు. రాళ్ళు విసిరినవాళ్ళల్లో మన పల్లెల జనమూ ఉండే ఉంటారు. మన పెద్దలు దానమిచ్చిన ధర్మం మీద మన చేతనే రాయి వేయించడం, దీనికన్నా పెద్ద సాంస్కృతిక విజయం ఆధిపత్య కులాలకి ఇంకేముంటుంది?

మా వామపక్ష మిత్రులు అంటారు, ఇదంతా పేర్ల గొడవ, అసలు సమస్య జీతం, భూమి అని. జీతం, భూమి అసలు సమస్య కాదని మేము ఎప్పుడూ అనలేదు. కానీ పేరు అంత చిన్న విషయమే అయితే, కోనసీమ జిల్లాకి అంబేద్కర్ పేరు కలిపినందుకు 2022 మే 24న అమలాపురంలో ఇళ్ళు ఎందుకు తగలబడ్డాయి? ఒక దళిత మంత్రి ఇంటికి నిప్పు ఎందుకు పెట్టారు? భూమి పంచమని ఎవరూ అడగలేదే, జిల్లా పేరు ముందు ఒక మనిషి పేరు పెట్టారంతే. పేరు విలువ మనకన్నా ఎదుటివాళ్ళకే బాగా తెలుసు.

అలాగని పెద్ద పేరు ఒకటి పెట్టేస్తే పని అయిపోయినట్టు కూడా కాదు. విజయవాడ స్వరాజ్ మైదానంలో 2024 జనవరి 19న 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం ఆవిష్కరించారు. కింద 81 అడుగుల పీఠం. చూస్తే గుండె నిండుతుంది, అది దాచుకోం. కానీ అక్కడ కూడా చీపురు ఎవరి చేతిలో ఉందో చూడకుండా వచ్చేస్తే అంబేద్కర్‌ని మనం కూడా కైలాసం ఎక్కించినట్టే.

మమ్మల్ని మేము కూడా అడుక్కోవాలి. బుద్ధ పూర్ణిమకి తొట్లకొండ ఎక్కుతాం. పంచశీల చదువుతాం, ఫోటోలు దిగుతాం, పులిహోర తింటాం. ఆ విస్తరాకులు ఎత్తేది ఎవరు? మాలలూ మాదిగలూ వర్గీకరణ మీద ఇరవై అయిదేళ్ళకి పైగా వాదించుకున్నారు. 1997 వర్గీకరణలో ఎ గ్రూపు అంటే రెల్లి, దాని తోటి కులాలు, వాటా ఒక శాతం. 2004లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు జడ్జీల ధర్మాసనం మళ్ళీ దారి తెరిచింది. 2025లో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన వర్గీకరణలో కూడా రెల్లి మొదటి గ్రూపే, ఒక శాతమే. ఇన్నేళ్ళ వాదంలో రెల్లి మేధావి రాసిన ఒక్క వ్యాసాన్ని మన పత్రికలు ముందు పేజీలో వేశాయా? మన రాతి మీద కూడా కొందరి పేర్లు లేవు.

కాబట్టి ఏం చెయ్యాలి? ప్రభుత్వాన్ని అడగాల్సినవి అడుగుదాం. తొట్లకొండ, బావికొండల దగ్గర స్తూపాలకి దానమిచ్చిన మామూలు మనుషుల కథ తెలుగులో బోర్డు మీద రాయాలి. ప్రజాధనంతో కట్టే పార్కుకి ఏ ఒక్క మతం పేరూ పెట్టకూడదు. పార్కుల్లో పనిచేసేవాళ్ళని పర్మనెంటు చేయాలి, కట్టినవాళ్ళ పేర్లు ప్రారంభోత్సవ పలక మీద మంత్రి పేరు కన్నా ముందు ఉండాలి. కొండను మూసేసే ఏ కట్టడమైనా ముందు జనం ముందు పెట్టాలి.

ప్రభుత్వం చేసేదాకా ఆగక్కర్లేని పని ఒకటుంది. విశాఖలో చదువుకుంటున్న దళిత విద్యార్థులు సెలవుల్లో రెల్లి వీధులకి వెళ్ళి, పార్కుల్లో, బీచ్ రోడ్డు మీద, కొండల మీద పనిచేసిన పెద్దవాళ్ళ పేర్లు, ఊళ్ళు, ఎన్నేళ్ళు చేశారో, ఏ కొండ మీద చేశారో రాసుకురావాలి. వాళ్ళు అందుకు ఒప్పుకుంటేనే రాయాలి, వాళ్ళ మాటల్లోనే రాయాలి. మా వంతుగా మేము ఆ పని మొదలుపెట్టాం. మస్తరు గురించి చెప్పిన ఆ పెద్దావిడ దగ్గరికి మళ్ళీ వెళ్ళాం. పేరు రాసుకోమంటారా అంటే చాలాసేపు ఆలోచించింది. "నాది కాదు బావూ, ముందు మాయమ్మది రాయి. ఆ కొండ మీద రాళ్ళు మోసింది ఆవిడే" అంది. రాసుకున్నాం. అచ్చులో వెయ్యమని ఆమె ఇంకా చెప్పలేదు. చెప్పినప్పుడు వేస్తాం.